పాత బొలెరో పికప్‌కు పెద్ద క్యామ్ షాఫ్ట్ వేయిస్తే లాగుడు పెరుగుతుందా?

ఒక తమ్ముడు రాసి అడిగింది క్లుప్తంగా ఇది. నర్సంపేట దగ్గర ఊరు. 2009 మోడల్ బొలెరో పికప్, 2,523 సీసీ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) టర్బో డీజిల్ ఇంజిన్. మీటరు 2,80,000 కిలోమీటర్లు దాటింది. 45 మిర్చి బస్తాలు వేసుకుని ఎనుమాముల మార్కెట్‌కు వస్తుంటే ఎత్తు తగలగానే రెండో గేరుకు పడిపోతోంది. ఒక మెకానిక్ "క్యామ్ షాఫ్ట్ తీసి లోబులు గ్రైండ్ చేయిద్దాం, పికప్ డబుల్ అవుతుంది" అన్నాడట. క్యామ్ షాఫ్ట్ అంటే ఇంజిన్‌లో వాల్వులను తెరిపించే కడ్డీ, దాని మీద గుడ్డు ఆకారంలో ఉండే ఉబ్బులే లోబులు. అమెరికాలో పాత పికప్‌లకు క్యామ్ మార్చే వీడియోలు కూడా చాలా చూశాడట. చేయించాలా, వద్దా అని అడుగుతున్నాడు.

తమ్ముడూ, వయసులో చిన్నవాడివని రాశావు కాబట్టి నువ్వు అనే అంటాను. వద్దు. గ్రైండ్ చేయించకు. నీ ఇంజిన్‌కు పెద్ద క్యామ్ వేస్తే లాగుడు పెరగదు, తగ్గుతుంది. పొద్దున్నే స్టార్టింగ్ కూడా కష్టమవుతుంది. అయితే ఇంకో సంగతి ఉంది. 2,80,000 తిరిగిన ఇంజిన్‌లో క్యామ్ అరిగిపోయి ఉండే అవకాశం లేకపోలేదు. నిజంగా అరిగితే మార్చాల్సిందే. కాకపోతే కంపెనీ కొలతల్లో ఉన్న కొత్త క్యామే వేయాలి, దాంతోపాటు ఎనిమిది ట్యాపెట్లూ (లోబుల మీద ఆని పైకీ కిందికీ కదిలే ముక్కలు) కొత్తవి పడాలి. అరిగిందో లేదో కొలిచి తెలుసుకోవచ్చు, అంచనా మీద హెడ్డు దింపే పని లేదు. ఎలా కొలవాలో కింద రాస్తాను.

నేను వరంగల్‌లో డీజిల్ ఇంజిన్లు కట్టడం మొదలుపెట్టి 26 ఏళ్లయింది. నా షెడ్డుకు వచ్చేవాటిలో సగానికి పైగా నీ బండి లాంటివే. మిర్చి, పత్తి, మొక్కజొన్న మోసే పికప్‌లు. సీజన్‌లో ఒక్క రోజు బండి ఆగితే రైతుకు, డ్రైవరుకు ఎంత టెన్షనో నాకు తెలుసు. అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నా.

ముందు ఆ వీడియోల సంగతి. అందులో చూపించే ఇంజిన్లు ఎక్కువగా పెట్రోల్ వీ8లు. బాగా పేరున్నది షెవర్లే స్మాల్ బ్లాక్. 1955లో వచ్చింది. తర్వాత వచ్చిన 350 క్యూబిక్ ఇంచుల రకం అంటే మన లెక్కలో 5.7 లీటర్లు. పాత పికప్‌లలో ఈ ఇంజిన్లకు కంపెనీ చాలా చిన్న లోబుల క్యామ్ వేసేది. బరువు లాగడానికి, కింది ఆర్‌పీఎంలో నిమ్మళంగా తిరగడానికి. ఇంజిన్ మాత్రం 5,000 దాటి కూడా తిరగగలదు. పైన ఉన్న ఆ ఖాళీని వాడుకోవడానికి వాళ్లు క్యామ్ మారుస్తారు. అక్కడ అందులో అర్థం ఉంది.

ఎందుకంటే క్యామ్ చేసే పనంతా వాల్వు ఎంత ఎత్తు లేవాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి, ఎప్పుడు మూసుకోవాలి అన్నదే. మొదటిదాన్ని లిఫ్ట్ అంటారు, రెండోదాన్ని డ్యూరేషన్ అంటారు. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ గాలి లోపలికి రావడానికి టైము తగ్గిపోతుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ పైనుంచి కిందికి దిగడానికి పట్టేది 5 మిల్లీసెకన్లు. అంత తక్కువ టైములో సిలిండర్ నిండదు కాబట్టి వాల్వును ముందే తెరిచి, ఆలస్యంగా మూస్తారు. పెద్ద క్యామ్ అంటే ఇదే. నీ డీఐ ఇంజిన్ గరిష్ఠ శక్తి ఇచ్చేదే 3,200 ఆర్‌పీఎం దగ్గర. అక్కడ అదే దిగుడుకు 9 మిల్లీసెకన్లకు పైనే దొరుకుతుంది. నువ్వు ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ 1,500, 1,800 దగ్గర ఉంటుంది, అప్పుడు ఇంకా రెట్టింపు టైము. కంపెనీ క్యామే ఆ టైముకు సరిపోయేలా చేసి ఉంది. పైగా టర్బో గాలిని నెట్టి మరీ ఇస్తోంది. వాల్వును ఎక్కువసేపు తెరిచి పెట్టి అక్కడ సాధించేది ఏముంది?

ఇంకో అడ్డు గవర్నర్. నీ పంపులో ఉన్న గవర్నర్ ఒక వేగం దాటగానే డీజిల్ కోసేస్తుంది. పెద్ద క్యామ్ లాభం ఇచ్చేది పై ఆర్‌పీఎంలో. ఆ ఆర్‌పీఎంకు గవర్నర్ పోనివ్వదు. అంటే లాభం వచ్చే చోటికి నీ ఇంజిన్ ఎప్పటికీ చేరదు, నష్టం ఉండే చోటే రోజంతా తిరుగుతుంది.

నష్టం ఏమిటో కూడా చెప్తాను, ఇది బాగా గుర్తుపెట్టుకో. డీజిల్‌కు ప్లగ్గు లేదు. గాలిని నొక్కితే పుట్టే వేడితోనే డీజిల్ అంటుకోవాలి. పెద్ద క్యామ్‌తో ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది. అప్పటికే పిస్టన్ పైకి రావడం మొదలుపెడుతుంది కాబట్టి లోపలికొచ్చిన గాలిలో కొంత వచ్చిన దారినే వెనక్కి పోతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది కనుక ఈ నష్టం అప్పుడే ఎక్కువ. కంప్రెషన్ పడిపోయింది, వేడి చాలలేదు, డీజిల్ అంటుకోలేదు. డిసెంబరులో పొద్దున ఐదింటికి మార్కెట్‌కు బయల్దేరాలంటే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తూనే ఉంటుంది.

పిస్టన్‌కు, వాల్వుకు మధ్య దూరం ఇంకో చిక్కు. కంప్రెషన్ ఎక్కువ కావాలి కాబట్టి డీజిల్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు హెడ్డుకు దాదాపు అంటుకున్నట్టే ఉంటుంది. రెండు వాల్వులూ ఒకేసారి కాస్త తెరిచి ఉండే ఓవర్‌ల్యాప్‌ను అందుకే డీజిల్ క్యామ్‌లలో చాలా తక్కువ పెడతారు. పెట్రోల్ వీ8లో ఆ ఓవర్‌ల్యాప్ పెంచితేనే ఐడ్లింగ్‌లో గడగడమని ఆ శబ్దం వస్తుంది, వీడియోల్లో అందరూ మెచ్చుకునేది దాన్నే. నీ ఇంజిన్‌లో అంత ఓవర్‌ల్యాప్ పెడితే వాల్వు వచ్చి పిస్టన్‌కు తగులుతుంది. పుష్ రాడ్డు (ట్యాపెట్ కదలికను పైకి అందించే కడ్డీ) వంగడంతో పోతే అదృష్టం. వాల్వు తల విరిగి లోపల పడితే పిస్టన్, లైనర్, హెడ్డు మూడూ పోతాయి.

ఇక గ్రైండింగ్ గురించి. నీకు చెప్పిన పని కొత్త పెద్ద క్యామ్ కూడా కాదు, ఉన్న క్యామ్‌నే గీకి పెద్దది చేయడం. ఇనుమును గీకితే తగ్గుతుంది గానీ పెరగదు కదా. లోబ్ ఎత్తు పెరిగినట్టు కనిపించాలంటే దాని వెనక ఉండే గుండ్రటి భాగాన్ని, అంటే బేస్ సర్కిల్‌ను, తగ్గించాలి. అప్పుడు ట్యాపెట్ ఇంకా కిందికి దిగుతుంది, రాకర్ (పుష్ రాడ్డు నెడితే వాల్వును నొక్కే చెయ్యి) స్క్రూ ఇంకా లోపలికి తిప్పాలి, ఒక్కోసారి స్క్రూ చివరికొచ్చేస్తుంది. అంతకంటే పెద్ద నష్టం, క్యామ్ మీద గట్టిపరిచిన పొర పైపైనే ఉంటుంది. గీకినప్పుడు పోయేది ఆ పొరే. కింద మిగిలేది మెత్తని లోహం.

నాలుగేళ్ల కింద పరకాల వైపు నుంచి ఒక పికప్ వచ్చింది, అచ్చం నీ బండే. వేరే ఊళ్లో క్యామ్ గ్రైండ్ చేయించి ఐదు నెలలైంది. మొదటి పది రోజులు బాగుందనిపించిందట. తర్వాత టకటక శబ్దం మొదలైంది. ట్యాపెట్ సెట్టింగ్ చేయిస్తే వారం ఆగేది, మళ్లీ వచ్చేది. ఆయిల్ దించి ట్రేను ఎండలో పెట్టి చూశాను. నల్లటి ఆయిల్ మీద వెండి రజను చల్లినట్టు మెరుపు. వేలు ముంచి రెండు వేళ్ల మధ్య రాస్తే సన్నటి ఇసుకలా తగిలింది. సంపు (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దించితే స్ట్రెయినర్ జాలీలో కూడా అదే. క్యామ్ బయటికి తీస్తే మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ లోబ్ గుడ్డు ఆకారమే పోయి దాదాపు గుండ్రంగా తయారైంది. ఆ రజను అంతా ఆయిల్‌తోపాటు తిరిగి మెయిన్ బేరింగులను కూడా గీరేసింది. క్యామ్ ఖర్చుతో పోవాల్సిన పని పూర్తి ఇంజిన్ పనైంది. మిర్చి సీజన్ నడుమ 17 రోజులు బండి నా షెడ్డులోనే ఉండిపోయింది. ఆయన కిరాయిలకు కుదుర్చుకున్న రైతులు వేరే బండ్లు చూసుకున్నారు. అందుకే ఈ పని వద్దని ఇంత గట్టిగా చెప్తున్నా.

మరి క్యామ్ అరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? కొన్ని గుర్తులు చెవికి, కంటికి తెలుస్తాయి. ట్యాపెట్ గ్యాపు సెట్ చేసిన వారం పది రోజులకే ఒకే వాల్వు దగ్గర మళ్లీ మళ్లీ పెరగడం. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి ఫుస్ ఫుస్‌మని వెనక్కి గాలి రావడం. కంప్రెషన్ చూస్తే బాగానే ఉండి, ఒక సిలిండర్ మాత్రం లోడు మీద చేతకానట్టు ఉండటం. ఒక్కో సిలిండర్ ఇంజెక్టర్ పైపు నట్టు కాస్త వదులు చేసి చూస్తే ఆరోగ్యంగా ఉన్న సిలిండర్ దగ్గర ఇంజిన్ శబ్దం బాగా మారుతుంది, బలహీనమైన దాని దగ్గర పెద్దగా మారదు. ఇది చేసేటప్పుడు మొహం దూరంగా పెట్టు, చిమ్మే డీజిల్‌కు చెయ్యి అడ్డం పెట్టకు. ఆ పైపులో ఒత్తిడి చర్మంలోకి డీజిల్ దూర్చేంత ఉంటుంది. ఇంకో మాట, ఇది పాత మెకానికల్ పంపు బండ్లకే. కామన్ రైల్ (కంప్యూటర్‌తో నడిచే కొత్త రకం డీజిల్) బండ్లలో ఆ నట్టు ముట్టుకోనే కూడదు, చాలా ప్రమాదం.

కచ్చితంగా తేలాలంటే డయల్ గేజ్ (సన్నటి కదలికను కూడా చూపించే కొలత పరికరం) పెట్టి కొలవాలి. హెడ్డు దింపే పని లేదు. బ్యాటరీ టెర్మినల్ తీసెయ్, ఇంజిన్ ఆపే లివర్‌ను ఆపిన స్థితిలోనే కట్టెయ్. వాల్వు కవర్ తీసి, రాకర్ షాఫ్ట్ విప్పి పక్కన పెట్టు. ఇప్పుడు పుష్ రాడ్ల తలలు పైకి కనిపిస్తాయి. డయల్ గేజ్ స్టాండును హెడ్డు మీద నిలబెట్టి, దాని ముల్లు నిటారుగా మొదటి పుష్ రాడ్డు మీద ఆనేలా పెట్టు. వంకరగా ఆనితే రీడింగ్ తప్పు వస్తుంది. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) పుల్లీ నట్టుకు స్పానర్ వేసి ఇంజిన్ ఎప్పుడూ తిరిగే వైపే నెమ్మదిగా తిప్పు. రాడ్డు పూర్తిగా కిందున్నప్పుడు గేజ్‌ను సున్నా చెయ్. పైకి ఎంత వచ్చిందో రాసుకో. క్యామ్ ఒక చుట్టు తిరగాలంటే క్రాంక్ రెండు చుట్లు తిరగాలి కాబట్టి ఓపిక కావాలి. ఒక్కో రాడ్డును రెండేసి సార్లు కొలువు.

ఎనిమిది రీడింగులు వస్తాయి. ఇన్‌టేక్ నాలుగింటినీ ఒకదానితో ఒకటి పోల్చు, ఎగ్జాస్ట్ నాలుగింటినీ విడిగా పోల్చు. ఇన్‌టేక్‌కు, ఎగ్జాస్ట్‌కు కంపెనీయే వేరు లిఫ్ట్ పెట్టి ఉండవచ్చు, ఆ తేడా చూసి కంగారుపడకు. ఒకే రకం నాలుగింట్లో తేడా 0.1 మిల్లీమీటర్ లోపు ఉంటే నేను ఆ క్యామ్‌ను ముట్టుకోను. ఒకటి మిగతావాటికంటే 0.3, 0.4 తక్కువ చూపిస్తే అది అరిగినట్టే. ఇక మార్చక తప్పదు. అన్నీ సమానంగా ఉన్నా అన్నీ అరిగి ఉండొచ్చు కదా అని అడగొచ్చు. నిజమే, అందుకే సర్వీస్ మాన్యువల్‌లోని లిఫ్ట్ కొలతతో కూడా పోల్చాలి. కాకపోతే నా చేతి మీదుగా పోయినవాటిలో క్యామ్ అన్ని చోట్లా సమానంగా అరగడం చాలా తక్కువ. మొదలైతే ఒకటి రెండు లోబుల దగ్గరే మొదలై అవే తొందరగా తినుకుపోతాయి.

అరిగిందని తేలితే, మార్చేటప్పుడు జాగ్రత్తలు ఇవి.

పాత ట్యాపెట్లు కొత్త క్యామ్ మీద వేయొద్దు. ఈ తప్పు నేనే చేశాను. షెడ్డు పెట్టిన కొత్తలో, 2001లో అనుకుంటా, ఒక జీపు ఇంజిన్‌లో కొత్త క్యామ్ వేశాను. ట్యాపెట్లు చూడటానికి బాగానే ఉన్నాయి, ఓనర్ దగ్గర డబ్బులు తక్కువ ఉన్నాయి, అవే వేశాను. మూడు నెలల్లో కొత్త క్యామ్ రెండు లోబులు పోయాయి. మళ్లీ క్యామ్, ట్యాపెట్లు రెండూ నా డబ్బుతో తెచ్చి వేసిచ్చాను. అప్పుడు ఒక పాత మిస్త్రీ నాకు చూపించింది ఇప్పటికీ ప్రతి పనిలో చేస్తాను. ట్యాపెట్ అడుగును పైకి తిప్పి పట్టుకుని, స్టీల్ స్కేలు అంచును దాని మీద నిలువుగా ఆనించి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి. కొత్త ట్యాపెట్‌కు అంచుల దగ్గర వెంట్రుకవాసి వెలుతురు కనిపిస్తుంది, మధ్యలో స్కేలు ఆనుతుంది. ఎందుకంటే అడుగు కాస్త ఉబ్బెత్తుగా చేసి ఉంటుంది. అరిగినదానికి తలకిందులుగా, మధ్యలో వెలుతురు, అంచుల్లో ఆనడం. ట్యాపెట్ తన చోట గుండ్రంగా తిరుగుతూ ఉండాలి, అప్పుడే అరుగుదల ఒక్కచోట పడదు. మధ్యలో గుంట పడిన ట్యాపెట్ తిరగదు, అరిగిన పాత లోబ్ ఆకారం దానికి అలవాటై ఉంటుంది, కొత్త లోబ్‌ను గీకేస్తుంది.

టైమింగ్ గేర్ల మార్కులు విప్పకముందే ఫోను తీసి ఫొటో పెట్టుకోమను. క్రాంక్, క్యామ్, పంపు గేర్ల మార్కులన్నీ కలిశాకే కవర్ బిగించాలి. అంతా అయ్యాక సెల్ఫ్ కొట్టకుండా స్పానర్‌తో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టొద్దు, ఆపి చూసుకోవాలి. గేరు పన్ను తప్పి వాల్వు పిస్టన్‌కు తగిలేలా ఉంటే ఆ రెండు చుట్లలోనే తెలుస్తుంది. సెల్ఫ్ కొట్టాక తెలిస్తే పుష్ రాడ్డో వాల్వో వంగాకే తెలుస్తుంది.

క్యామ్ బుష్‌లు, ముందు థ్రస్ట్ ప్లేటు కూడా చూడాలి. బుష్‌లు అరిగి ఉంటే ఆయిల్ అక్కడే కారిపోయి పైన రాకర్లకు సరిపడా అందదు.

కొత్త క్యామ్ మీద నల్లటి పూత ఉంటే అది మురికి కాదు, రుద్ది కడగొద్దు. మొదటిసారి ఇంజిన్ తిరిగేటప్పుడు ఆయిల్‌ను పట్టి ఉంచేది ఆ పూతే. లోబులకు, ట్యాపెట్ అడుగులకు మాలి పేస్టు (మాలిబ్డినం కలిపిన గ్రీజు లాంటిది) బాగా రాయాలి. ఆయిల్ మంచి డీజిల్ ఇంజిన్ ఆయిల్, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు. ఈ రకం ట్యాపెట్లను కాపాడే జింక్ డీజిల్ ఆయిళ్లలో ఉంటుంది. తక్కువకు వస్తుందని పెట్రోల్ కార్ల పల్చటి ఆయిల్ పోయొద్దు.

స్టార్ట్ అయిన మొదటి 20 నిమిషాలు చాలా ముఖ్యం. చాలామంది కొత్త ఇంజిన్ కదా అని ఐడ్లింగ్‌లో వదిలేస్తారు. అదే క్యామ్‌ను చంపుతుంది. ఐడ్లింగ్‌లో లోబులకు చిమ్మే ఆయిల్ తక్కువ, స్ప్రింగు ఒత్తిడి మాత్రం మొత్తం లోబ్ కొన మీదే పడుతుంది. అమెరికాలో ఆ వీ8లకు 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎంలో 20, 30 నిమిషాలు తిప్పుతారు. నేను మన డీఐ ఇంజిన్లకు 1,500, 2,000 మధ్య మారుస్తూ 20 నిమిషాలు ఉంచుతాను. స్టార్ట్ చేయకముందే డీజిల్ లైన్లో గాలి పూర్తిగా తీసెయ్యాలి, ఎందుకంటే సెల్ఫ్ మీద అదే పనిగా తిప్పితే రాసిన పేస్టు కాస్తా ఊడిపోతుంది. మొదటి 500 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ మార్చు. ఆ తర్వాత ట్యాపెట్ గ్యాపు ఒకసారి చూపించు. గ్యాపు ఎంతో, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా అన్నది మాన్యువల్ ప్రకారమే. మిస్త్రీ నోటి లెక్క మీద వద్దు.

క్యామ్ సంగతి ఇది. కానీ నీ ప్రశ్న నిజానికి క్యామ్ గురించి కాదు, ఎత్తు మీద బండి లాగట్లేదని. నువ్వు చెప్పిన గుర్తులకు నేనైతే ముందు క్యామ్ దగ్గరికి పోను. రోగం ఒకచోట, మందు ఒకచోట అయితే డబ్బులు పోతాయి, బండి అలాగే ఉంటుంది.

నా దగ్గరికి "పికప్ లేదు" అని వచ్చే పాత టర్బో బండ్లలో గాలి దారిలోనే ఎక్కువ దొరుకుతుంది. పోయినేడు ములుగు నుంచి వచ్చిన బండికి రెండు చోట్ల నాజిళ్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) మార్చారు, పంపు కాలిబ్రేషన్ చేయించారు, లాగుడు రాలేదు. నల్ల పొగ మాత్రం పెరిగింది. నల్ల పొగ అంటే డీజిల్ సరిపోతోంది, గాలి చాలట్లేదు అని. టర్బో నుంచి ఇన్‌టేక్‌కు వచ్చే రబ్బరు హోసు మీద చెయ్యి పెట్టి రేస్ చేయించాను. క్లిప్పు కింద, కంటికి కనపడని చోట, వేలికి సన్నటి గాలి తగిలింది. క్లిప్పు తీస్తే కింద అంగుళం పొడవు చీలిక, దాని చుట్టూ నూనె మసి. ఐడ్లింగ్‌లో ఆ చీలిక మూసుకునే ఉంటుంది, లోడు మీద టర్బో గాలి పెంచినప్పుడే తెరుచుకుంటుంది. హోసు మార్చి, గట్టి క్లిప్పులు వేసి పంపించాను. మరుసటి రోజు తాడ్వాయి అడవి దారిలో నుంచే ఫోన్ చేసి, మూడో గేరులో ఎక్కిందని చెప్పాడు.

కాబట్టి నువ్వు ఈ వరసలో చూసుకో. ఎయిర్ ఫిల్టర్. మిర్చి యార్డు దుమ్ములో తిరిగే బండికి మాన్యువల్ చెప్పిన కిలోమీటర్ల దాకా ఆగకూడదు. టర్బో హోసులు, క్లిప్పులు. డీజిల్ ఫిల్టర్, ట్యాంకు లోపలి జాలీ. తర్వాత యాక్సిలరేటర్ కేబుల్. కాలు పూర్తిగా నొక్కినా పంపు లివర్ చివరిదాకా పోతోందా లేదా, ఒకరు నొక్కితే ఒకరు బానెట్ తెరిచి చూస్తే చాలు. పాత బండ్లలో కేబుల్ సాగి సగమే లాగుతుంటుంది, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా సరిపోతుంది.

చక్రాలు కూడా చూడు. ఖాళీ బండిని చదునైన చోట న్యూట్రల్‌లో పెట్టి ఒక్కడివే నెట్టు. కదలకపోతే బ్రేకులు పట్టేస్తున్నాయి. పది కిలోమీటర్లు నడిపాక నాలుగు చక్రాల దగ్గర చెయ్యి దగ్గరగా పెట్టి వేడి పోల్చినా తెలుస్తుంది. క్లచ్ జారుతుంటే ఇంజిన్ శబ్దం పెరుగుతుంది, బండి వేగం పెరగదు, కాలిన వాసన వస్తుంది. ఇవన్నీ సరిగా ఉన్నాకే ట్యాపెట్ సెట్టింగ్, నాజిళ్ల ప్రెజర్, పంపు టైమింగ్. కంప్రెషన్ టెస్టు కూడా అప్పుడే చేయించు, 2,80,000 కదా, రింగులు ఎలా ఉన్నాయో తేలుతుంది. క్యామ్ కొలత వాల్వు కవర్ తీసినప్పుడే కలిపి చేయించేస్తే కూలి మిగులుతుంది.

పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచమని కూడా ఎవరో ఒకరు చెప్తారు. గాలి పెరగకుండా డీజిల్ పెంచితే నల్ల పొగ, వేడి పెరుగుతాయి, పిస్టన్ తల కరిగిన ఇంజిన్లు కూడా చూశాను. పైగా నీది ట్రాన్స్‌పోర్ట్ బండి, ఎనిమిదేళ్లు దాటింది కాబట్టి ప్రతి ఏడూ ఫిట్‌నెస్‌కు పోవాలి. బీఎస్4 (పొగ నిబంధనల్లో ఒక దశ) కంటే ముందు డీజిల్ బండ్లకు పొగ పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, అంటే పొగ చిక్కదనాన్ని కొలిచే లెక్క. స్క్రూ తిప్పిన బండి దాన్ని దాటేస్తుంది. కంపెనీ కొలతల క్యామ్ వేస్తే మాత్రం అది మామూలు రిపేరే, ఇబ్బంది లేదు.

లోడు సంగతి కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకు. 45 బస్తాలు వేస్తానని రాశావు. బస్తా 40 కిలోల లెక్కన 1,800 కిలోలు. ఆర్‌సీలో బండి మొత్తం బరువు, ఖాళీ బరువు రెండూ రాసి ఉంటాయి, తీసివేసి చూడు. ఆ తేడాకంటే ఇది బాగా ఎక్కువ. 63 హార్స్‌పవర్ ఇంజిన్ ఈ బరువుతో ఎత్తు మీద రెండో గేరు అడిగిందంటే అందులో దాని తప్పు కొంతే. బ్రేకులు కూడా అదే బరువును ఆపాలి. నీ గేరు ఫిర్యాదు సరైన లోడుతో కూడా ఉందా లేదా అన్నది ముందు ఒక ట్రిప్పు తక్కువ బస్తాలతో నడిపి చూసి చెప్పు. దాన్నిబట్టి సగం సందేహం తీరిపోతుంది.

ఇది చదువుతున్న వేరేవాళ్లలో ఎవరి దగ్గరైనా పాత పెట్రోల్ జీపు ఉంటే, వాళ్ల లెక్క వేరు. హరికేన్ ఇంజిన్ జీపులు ఇంకా హనుమకొండలో నాలుగైదు తిరుగుతున్నాయి, ఇష్టంగా చూసుకుంటారు. పెట్రోల్‌లో క్యామ్ మార్చితే తేడా తెలుస్తుంది, కాకపోతే దానికి తగ్గట్టు కార్బురేటర్ జెట్లు, వాల్వు స్ప్రింగులు, ఇగ్నిషన్ టైమింగ్ అన్నీ కలిపి మార్చాలి. అక్కడ కూడా బరువు లాగే బండికి చిన్న డ్యూరేషన్ క్యామే మంచిది. అమెరికా 350 ఇంజిన్లలో కూడా ట్రైలర్ లాగేవాళ్లు 0.050 అంగుళాల లిఫ్ట్ దగ్గర కొలిచే డ్యూరేషన్‌ను 200, 210 డిగ్రీల దగ్గరే ఉంచుకుంటారు. 230 దాటినవి శబ్దానికి, రేసుకు. శబ్దం విని పెద్ద క్యామ్ వేసుకుని, తర్వాత సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతోందని మళ్లీ పాతది వేసుకున్నవాళ్లు అక్కడ కూడా చాలామంది ఉన్నారు.

తమ్ముడూ, ఆ గ్రైండింగ్‌కు అడ్వాన్సు ఇచ్చి ఉంటే క్యామ్ బయటికి తీయకముందే ఆపించు. ముందు హోసులు, కేబుల్, బ్రేకులు ఈ ఆదివారం ఇంటి దగ్గరే చూసుకో. తర్వాత డయల్ గేజ్ ఉన్న మిస్త్రీ దగ్గర ఎనిమిది పుష్ రాడ్లు కొలిపించి, ఇన్‌టేక్ నాలుగు, ఎగ్జాస్ట్ నాలుగు విడివిడిగా రీడింగులు ఇక్కడే రాయి. పొగ ఏ రంగులో వస్తోందో, పొద్దున సెల్ఫ్ ఎన్నిసార్లు కొట్టాలో కూడా రాయి. అవి చూసి క్యామ్ మార్చాలో లేదో చెప్తాను.